పాత కారులో గేర్ రాడ్ లూజైతే గేర్‌బాక్స్ దించేముందు ఇవి చూడండి

మీరు రాసింది ఇదీ: 2006 మారుతి 800. న్యూట్రల్‌లో గేర్ రాడ్ అటూ ఇటూ ఊగిపోతోంది. సెకండ్ నుంచి థర్డ్‌కి వేయబోతే ఒక్కోసారి ఫస్ట్ వైపు పోతోంది. జయపురంలో చూపిస్తే గేర్‌బాక్స్ దించాలన్నారు. దించడానికి అప్పుడే ఒప్పుకోకండి. నేను ఒడిశాలోని సునాబెడలో ఉంటూ ఇదే మోడల్ చాలా ఏళ్లు నడిపాను. సాలూరులో మా వాళ్లుండటంతో మధ్యలో ఉండే సుంకి ఘాట్ ఎక్కడం, దిగడం మామూలే. ఈ రోగం నా బండికీ వచ్చింది, గేర్‌బాక్స్ ముట్టుకోకుండానే పోయింది.

ఈ బండిలో గేర్‌బాక్స్ ముందు ఇంజన్ పక్కన ఉంటుంది, మన చేతిలో రాడ్ సీట్ల మధ్య ఉంటుంది. రెండింటినీ కలుపుతూ బండి కింద నుంచి ఒక పొడవాటి రాడ్ వెళ్తుంది, మన చేతి రాడ్ అడుగుభాగం కదలకుండా పట్టి ఉంచడానికి పక్కనే ఇంకో రాడ్ ఉంటుంది. వీటి జాయింట్లలో చిన్న చిన్న బుష్‌లు, అంటే పిన్ను చుట్టూ ఉండి రాపిడి తట్టుకునే గుండ్రటి ముక్కలు, ఉంటాయి. అరిగేవి ముందు అవే. మన రోడ్ల ఎర్రమట్టి, వానాకాలం బురద కలిసి వాటిని ఇంకా తొందరగా తినేస్తాయి. పైనుండే రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు తిన్నగా గ్రీజు మీదకే పోతాయి. ముందు ఆ తొడుగు చూడండి.

తర్వాత ఇంకో మనిషిని తోడు పెట్టుకోండి. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. గ్యారేజీలో గుంట ఉంటే అన్నిటికన్నా మేలు. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందకి మాత్రం ఎవరూ దూరొద్దు. ఒకరు సీట్లో కూర్చుని రాడ్‌ని మెల్లగా కదుపుతుంటే ఇంకొకరు కింద టార్చి వేసి, గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కొసని చూడాలి. పైన రాడ్ బెత్తెడు కదిలినా ఆ కొస కదలకపోతే లూజు మధ్యలోనే ఉన్నట్టు. పైన కదిపిన వెంటనే కొస కూడా కదులుతూ, అయినా గేరు పడకపోతే అప్పుడు లోపలి సంగతి ఆలోచించాలి.

నా బండి కింద చూసినప్పుడు జాయింట్ దగ్గర నల్లటి పొడి పేరుకుని ఉంది. బోల్టు విప్పితే గుండ్రంగా ఉండాల్సిన బుష్ రంధ్రం కోలగా సాగిపోయి ఉంది, అందులో తిరిగే పిన్ను ఒకవైపే తళతళా మెరుస్తోంది. మెకానిక్ వేలితో కదిపితే ‘టక్’మని కొట్టుకుంది. ఆ చిన్న ఖాళీయే చేతి దగ్గరికి వచ్చేసరికి అంత ఊపుగా మారుతుంది. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా బుష్‌ల సెట్ బయట దొరుకుతుంది. అరిగినది ఒక్కటే కాకుండా సెట్ మొత్తం మార్పించండి. పిన్ను అరిగితే అదీ మార్చాలి, లేకపోతే కొత్త బుష్ ఎక్కువ కాలం ఆగదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పంపిస్తామంటే వద్దనండి. అది ఇంటికి చేరడానికి పనికొస్తుందేమో గానీ ఘాట్‌కి పనికిరాదు.

లూజు మెల్లమెల్లగా పెరిగిందా, ఒక్కరోజులో వచ్చిందా అన్నది కూడా గుర్తు చేసుకోండి. మెల్లగా వస్తే అరుగుదల. నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా వేలాడితే ఏదో బోల్టో, క్లిప్పో ఊడి ఉంటుంది. కేబుల్‌తో పనిచేసే కార్లలో అయితే కేబుల్ కొస ఊడి ఉండొచ్చు.

క్లచ్ గొడవని దీనితో కలిపేయకండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ సాఫీగా పడుతూ, స్టార్ట్ చేశాక కరకరలాడితే అది క్లచ్ కేబుల్ వైపు చూడాల్సిన పని. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు గేర్ రాడ్ దానంతట అదే ముందుకీ వెనక్కీ కదులుతుంటే ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌లు చూపించండి. రబ్బరు పగిలితే ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి కదులుతాయి, గేరు జారడానికి అదీ ఒక కారణం.

మరి గేర్‌బాక్స్ ఎప్పుడు దించాలి? బుష్‌లు, మౌంటింగ్‌లు బాగున్నా ఒకే గేరు పదేపదే బయటికి వచ్చేస్తున్నా, క్లచ్ సరిగా ఉండీ ఒకే గేరు దగ్గర గరగరమన్నా, గేరాయిల్‌లో ఇనుప ముక్కలు కనబడినా అప్పుడు ఒప్పుకోండి. ఆయిల్ ప్లగ్ విప్పి లెవెల్ చూడటం చిన్న పని. అది కూడా చూడకుండా దించాలన్నారంటే ఇంకో మెకానిక్‌కి చూపించడమే మంచిది.

బాగు చేయించేదాకా ఆ బండితో ఘాట్ దిగొద్దని గట్టిగా చెప్తున్నాను. దిగుడులో మనకి ఇంజనే సగం బ్రేకు. థర్డ్ అనుకుని వేసింది ఫస్ట్‌లో పడితే ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, ముందు చక్రాలు పట్టేసినట్టవుతాయి. న్యూట్రల్‌లో ఉండిపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ముందొక లోడు లారీ, వెనకొక బస్సు ఉండే ఆ మలుపుల్లో ఈ రెండూ ప్రమాదమే. వాలులో ఆపినా గేరులో ఉందిలే అని నమ్మొద్దు, చక్రానికి రాయి పెట్టండి.

బుష్‌లు మార్చాక గ్యారేజీ వదలకముందే ఇంజన్ ఆపి ఒకసారి, ఆన్‌లో ఒకసారి రివర్స్‌తో సహా అన్ని గేర్లూ మీరే వేసి చూడండి. అప్పటికీ థర్డ్ ఫస్ట్ వైపు పోతుంటే కింద ఏ కొస కదులుతోందో, ఏది కదలట్లేదో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.