సెలవుపై వచ్చిన భర్త ఇంట్లో పప్పు తూస్తున్నారు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పిల్లల చదువు కోసం ఆరేళ్లుగా తిరుపతిలో, బైరాగిపట్టెడలో అద్దెకు ఉంటూ, ఇంట్లోనే జాకెట్లు కుట్టి కొంత సంపాదించుకుంటున్నాను. మా ఆయన సైన్యానికి సరుకులు అందించే ఆర్మీ సర్వీస్ కోర్‌లో స్టోర్‌కీపర్. ఇప్పుడు లద్దాఖ్‌లోని ఒక సప్లై డిపోలో ఉన్నారు. తాగరు, చెయ్యి చేసుకోరు. కానీ సెలవుపై వస్తే ఇల్లు డిపో అయిపోతుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, ముక్కనుమ నాడు వీధి చివరి అంగడి నుంచి కాటా అడిగి తెచ్చి, కందిపప్పు తూచి, పిల్లవాడి నోటుపుస్తకంలో రాసుకుని, 'మూడు కేజీలు పది దినాల్లో ఎట్లయిపోయింది?' అని పిల్లల ముందరే నన్ను అడిగారు. గంగమ్మ జాతరకు రమ్మంటే ఒక్క ఏడాదీ రాలేదు. ఈ మధ్య ఆయనకు హవల్దారుగా ప్రమోషన్ వచ్చింది. ఆ కబురు కూడా తోటి జవాను భార్య వాట్సాప్‌లో పెడితేనే తెలిసింది. కనుమ విందులో మా ఆడపడుచు భర్త 'మావాడు పట్టేది తుపాకి కాదు, తక్కెడ' అని నవ్వితే ఈయనా నవ్వేసి ఊరుకున్నారు. రానున్న ఏప్రిల్‌లో బెంగుళూరుకు పోస్టింగ్ వస్తుందని, అందరం అక్కడే ఉందామని అంటున్నారు. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదు. అత్త పల్లెలో ఒంటరిగా ఉంది. ఆయనకు తెలియకుండా మా తమ్ముడి ఆపరేషన్‌కు మూడు సవర్ల బంగారం తాకట్టు పెట్టాను. ఆయన వచ్చిన మూడో రోజు నుంచే సెలవు ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తుంటాను. ఇది పాపమా?

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి మాటకే సమాధానం చెబుతాను. అది పాపం కాదు. పది నెలలు ఒక్కరే నడుపుకొన్న ఇంట్లోకి ఒకరు వచ్చి డబ్బాల మూతలు తీసి చూస్తుంటే ఎవరికైనా ఊపిరి సలపదు. సైనికుల ఇళ్ల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ సంగతి తరచుగానే కనిపిస్తుంది, కాకపోతే చాలామంది దాన్ని పది వాక్యాల చాటున దాచి రాస్తారు. మా నాన్న కూడా అదే కోర్‌లో లారీ డ్రైవరుగా పనిచేశారు. ఆయన ఊరికి వచ్చినన్నాళ్లూ తెల్లవారకముందే లేచి, ఇంట్లో ఉన్న ఒక్క సైకిలు టైర్లను బొటనవేలితో నొక్కి చూసి, చైనుకు నూనె వేసి, ఆ తర్వాతే కాఫీ గ్లాసు పట్టుకునేవారు. ఆ సైకిలును ఏడాదిలో మిగతా పది నెలలూ ఎవరూ తొక్కేవారు కాదు. ఆయన వెళ్లిపోయాక మా అమ్మ దాని మీద తువ్వాళ్లు ఆరవేసేది.

మీ ఆయన పని ఎలాంటిదో మీకు కొంత తెలిసే ఉంటుంది గానీ, ఆయన ఇంట్లో చెప్పని భాగం ఒకటి ఉందని నా అనుమానం. సైన్యంలో ఒక్కో జవానుకు రోజుకు బియ్యం ఇంత, పప్పు ఇంత, నూనె ఇంత అని గ్రాముల్లో రేషన్ నిర్ణయమై ఉంటుంది. ఆ లెక్క ప్రకారం సరుకు దింపుకోవడం, లెడ్జరులో ఎక్కించడం, పాతది ముందు, కొత్తది తర్వాత బయటికి పంపడం స్టోర్‌కీపరు బాధ్యత. తనిఖీకి వచ్చిన అధికారులు బస్తాలు లెక్కపెట్టినప్పుడు పుస్తకంలో ఉన్నది గోదాములో లేకపోతే విచారణ జరుగుతుంది, తప్పు తేలితే జీతంలోంచి కోత కూడా పడుతుంది. దానికితోడు లద్దాఖ్‌కు సరుకు చేరవేసే రోడ్లు శ్రీనగర్ వైపు నుంచి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున్న జోజిలా కనుమ మీదుగా, మనాలి వైపు నుంచి అంతకన్నా ఎత్తైన కనుమల మీదుగా వెళతాయి. మంచు కురిస్తే అవి మూతపడతాయి కాబట్టి, చలికాలమంతటికీ కావలసిన తిండి, కిరోసిను, డీజిలు వేసవిలో మొదలుపెట్టి నవంబరులోపే పైకి చేర్చి నిల్వ చెయ్యాలి. మన తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగేది సరిగ్గా ఆ రోడ్లు తెరుచుకుని కాన్వాయ్‌లు వరసగా కదిలే మే నెలలోనే. ఆ రోజుల్లో డిపోలో స్టోర్‌కీపరుకు సెలవు దొరకడం కష్టం, సంక్రాంతికి దొరకడం కొంత సులువు. జాతరకు రాకపోవడాన్ని మీరు ఆయన ఖాతాలో రాసుకుని ఉంటే, అది మాత్రం దయచేసి కొట్టివేయండి.

కందిపప్పు సంగతిని మాత్రం నేను కొట్టివేయమనను. ఉద్యోగంలో అలవాటైన చెయ్యి ఇంట్లోనూ తక్కెడ పట్టుకుంటుందని అర్థం చేసుకోవడం వేరు, పిల్లల ముందు తల్లిని లెక్క అడగడాన్ని భరించడం వేరు. ఆ రోజు ఆయన వాడిన నోటుపుస్తకం మీ అబ్బాయిది. రేపు వాడు ఆ పేజీ తిప్పినప్పుడల్లా అమ్మ చేతిలో పప్పు తరిగిపోయిందన్న లెక్క వాడి కంటపడుతుంది. ఈ మాట మీరు ఆయనకు ఇదే రూపంలో చెప్పాలి. 'మీరు నన్ను అనుమానిస్తున్నారు' అని మొదలుపెడితే ఆయన కాదంటారు, మీరు అవునంటారు, వాదన అక్కడే తిరుగుతుంది.

మీ ఉత్తరంలో ఇంకొక సంగతి నన్ను ఆపింది. తుపాకి, తక్కెడ అన్న ఎగతాళి కనుమ నాటిది, పప్పు తూచింది ముక్కనుమ నాడు. ఈ రెండింటినీ మీరు వేరువేరు చోట్ల రాశారు, బహుశా కలిపి చూసి ఉండరు. బంధువుల నడుమ నవ్వి ఊరుకున్న మనిషి మరునాడు తన పని ఎంత నిక్కచ్చిగా చెయ్యగలడో ఎవరికో ఒకరికి చూపించాలనుకుని ఉండవచ్చు, ఆ ఎవరో ఒకరు మీరయ్యారు. ఇది నా ఊహ మాత్రమే, ఆయనను అడిగే హక్కు మీకుంది. మా ఇంట్లోనూ 'నువ్వు యుద్ధంలో ఏం చేశావు, లారీయే కదా తోలింది' అన్న మాట పెళ్లిళ్లలో, పేరంటాల్లో వినబడేది, అన్నవాళ్లే సాయంత్రానికి క్యాంటీన్ రమ్ము ఒక్క సీసా దొరుకుతుందా అని వరండాలో కూర్చునేవాళ్లు. మీ ఆడపడుచు భర్త ఈసారి ఆ మాట అంటే మీ ఆయన నవ్వినా మీరు నవ్వకండి, 'ఆ తక్కెడ లేకపోతే తుపాకి పట్టినవాడికి అన్నం లేదన్నా' అని మెల్లగా అనండి. మీ ఆయన చెవిన పడేలా అనండి.

ఇక ఇంటి విషయానికి ఆయన లోకంలోంచే ఒక పద్ధతి అరువు తెచ్చుకుందాం. డిపోలో ఒకరి నుంచి మరొకరికి ఛార్జి మారేటప్పుడు పాతవారు, కొత్తవారు కలిసి కొన్ని రోజులపాటు అన్నీ చూసుకుని, రాసుకుని, సంతకాలు చేసుకుంటారు. సంతకం పడేదాకా కొత్తగా వచ్చినవారు అలమారు వరస కూడా మార్చరు. మీ ఇంట్లో ఆయన ఏ ఛార్జీ తీసుకోకుండానే తనిఖీ మొదలుపెడుతున్నారు, గొడవకు మూలం అక్కడే ఉంది. ఈసారి వచ్చిన మొదటి వారం ఏదీ మార్చకూడదని ముందే చెప్పండి. ఆ తర్వాత వంటగది కాకుండా ఇంకేదైనా ఆయనకు పూర్తిగా అప్పగించండి. అత్తను డాక్టరుకు చూపించడం, ఆమె మందులు తెచ్చి పెట్టడం, బాబు లెక్కలు, ఇంటి అద్దె, కరెంటు బిల్లు, ఏదైనా సరే. అప్పగించాక మాత్రం అందులో మీరు వేలు పెట్టకూడదు, బాబుకు ఆయన చెప్పే లెక్కల పద్ధతి మీకు నచ్చకపోయినా సరే. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉన్న ఉద్యోగంలో మనిషి ఇంట్లో ఏ పనీ లేకుండా గడిపితే, ఆ చేతులు చివరికి పప్పు డబ్బా దగ్గరికే చేరతాయి.

బెంగుళూరు విషయంలో మీరు మనసులో వద్దనుకుంటున్నారని, దానికి అత్త ఒంటరితనాన్ని అడ్డు పెట్టుకుంటున్నారని నాకనిపించింది, తప్పయితే క్షమించండి. పలమనేరు తిరుపతికీ బెంగుళూరుకీ మధ్యలో ఉన్న ఊరు. అక్కడి నుంచి బెంగుళూరు వెళ్లే బస్సుకు మనం ఎవరం ఆలోచించం. అత్త కారణంగా ఈ నిర్ణయం అటూ ఇటూ కానక్కర్లేదు. నిజంగా ఆలోచించవలసింది పాప చదువు, మీ కుట్టుపని. పాప వచ్చే జూన్‌లో తొమ్మిదిలోకి వస్తుంది. కేంద్రీయ విద్యాలయాల్లో బదిలీ అయ్యే సైనికుల పిల్లలకు ప్రాధాన్యం ఉంది, ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు కూడా ఉన్నాయి. కానీ సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి చదవవలసిన కోర్సు. రాష్ట్ర బోర్డులో తొమ్మిది చదివి పదికి అక్కడ చేరడం చాలా చిక్కు. అందువల్ల వెళితే తొమ్మిదో తరగతి మొదలయ్యేటప్పుడే వెళ్లాలి, లేకపోతే పాప పదో తరగతి పరీక్షలు రాసేదాకా ఇక్కడే ఉండాలి. నడుమ సంవత్సరం గురించి ఆలోచించకండి. క్వార్టర్ల జాబితాలో ఆయన వంతు వచ్చేదాకా బయట అద్దెకు ఉండవలసి రావచ్చు, ఆ ఖర్చు ఎంతవుతుందో ఇప్పుడే లెక్క వేయమనండి, లెక్కలు ఆయనకు ఇష్టం కదా.

కుట్టుపనిని మాత్రం ఆ లెక్కలో చేర్చమని మీరే పట్టుబట్టాలి. కుట్టుమిషను లారీలో వేసుకుని వెళ్లవచ్చు గానీ ఆరేళ్లలో మీ కొలతల పుస్తకంలోకి ఎక్కిన ఆడవాళ్లను వేసుకుని వెళ్లలేరు. నెలకు మీ చేతికి ఎంత వస్తుందో ఆయనకు తెలుసా? మీ ఉత్తరంలో ఆ అంకె లేదు, ఆయనకూ చెప్పి ఉండరని అనుకుంటున్నాను. పోస్టింగ్ మారితే మీరు పోగొట్టుకునేది ఆయనకు కనబడాలంటే ముందు ఆ అంకె బయటికి రావాలి.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, సైనికుల భార్యలు అడగవలసి ఉండీ అడగనిది ఇదే. పెళ్లి, పిల్లల పుట్టుక, పుట్టిన తేదీలు, పేర్లు అన్నీ యూనిట్ ప్రకటించే పార్ట్ టూ ఆర్డరులో నమోదు కావాలి. పిల్లల పేరు అక్కడ ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంటే, పెన్షన్ కాలంలో ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆయన ఈసారి వచ్చేటప్పుడు ఆ ఆర్డర్ల నకళ్లు తెమ్మనండి, మీ ఇద్దరు పిల్లల పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఈ తనిఖీ మాత్రం ఆయన ఎంత నిక్కచ్చిగా చేసినా మంచిదే.

చివరిగా ప్రమోషన్, తాకట్టు. ఆయన హవల్దారు అయిన సంగతి మీకు చెప్పలేదు, మీరు మూడు సవర్ల సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నేరుగా వచ్చి చెబుదామనుకున్నారేమో, ఇంట్లో ఎవరికి పట్టిందిలే అనుకున్నారేమో. మీరు ఎందుకు చెప్పలేదో మాత్రం ఉత్తరమంతా చెబుతోంది: పప్పు లెక్క అడిగిన మనిషి బంగారం లెక్క ఎలా అడుగుతారోనన్న భయం. అయితే ప్రతి డబ్బా మూతా తీసే మనిషికి బీరువాలో నగ లేదని తెలియడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆయన కనిపెట్టాక చెబితే తమ్ముడి ఆపరేషన్ వెనక్కు పోయి, దాచిపెట్టారన్న మాటే ముందు నిలుస్తుంది.

డిసెంబరు 8 వాళ్ల కోర్ దినం. ఆ సాయంత్రం సిగ్నల్ దొరికితే ఫోన్ చేసి, హవల్దారు అయినందుకు అభినందించండి, ఆ కబురు వాట్సాప్‌లో తెలిసినందుకు మీకు కలిగిన బాధ కూడా అప్పుడే చెప్పండి. బంగారం మాట ఆ రోజు ఎత్తకండి. తర్వాతి ఆదివారం, పిల్లలు ఆడుకోవడానికి బయటికి వెళ్లాక, ఎంతకు పెట్టారో, వడ్డీ ఎంతో, నెలకు ఎంత కడుతున్నారో, కుట్టు డబ్బుతో ఎప్పటికి విడిపించగలరో కాగితం మీద రాసుకుని కూర్చుని, ఆ కాగితం చూస్తూ మొత్తం చెప్పెయ్యండి. తాకట్టు రసీదును మాత్రం చీరల మడతల్లోంచి తీసి, పిల్లల సర్టిఫికెట్లున్న ఫైల్లో పెట్టండి.