మౌస్ కదిపితేనే బరువు మారుతోంది!

ప్రశ్న: సార్, నమస్తే. మా మామయ్యకు వేబ్రిడ్జి ఉంది. దానికోసం లైనక్స్‌లో, సి భాషలో, ఎక్స్‌లిబ్ (తెరపై విండోలు చూపించే ఎక్స్ సర్వర్‌తో మాట్లాడే లైబ్రరీ) వాడి చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలోనే విడిగా నడిచే పని) సీరియల్ పోర్టు నుంచి బరువు చదువుతుంది, మెయిన్ థ్రెడ్ దాన్ని విండోలో చూపిస్తుంది. బరువు మారినప్పుడల్లా చదివే థ్రెడ్ ఎక్స్‌సెండ్‌ఈవెంట్‌తో నా సొంత ఈవెంట్ (ఏదో జరిగిందన్న కబురు) పంపుతుంది. కానీ లారీ కాటా ఎక్కినా అంకె మారదు. విండో మీద మౌస్ కదిపితే మాత్రం చటుక్కున మారుతుంది. ఇంకో వింత ఏమిటంటే, విండో మూసే గుర్తు నొక్కితే మూసుకోదు సరికదా, ఖాళీ కాటాకి 379 కిలోలు చూపిస్తోంది. ‘దీనికి దయ్యం పట్టిందిరా’ అంటున్నాడు మామయ్య. ఇకపై బండి నంబరు, టైము అన్నీ ఉన్న స్ట్రక్చర్ (వివరాల కట్ట) మెమరీలో ఉన్న అడ్రసును ఈవెంట్‌లో పెట్టి పంపాలనుకుంటున్నాను. పంపొచ్చా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, పల్నాడు జిల్లా

జవాబు: మీ మామయ్యగారికి చెప్పండి, దయ్యమేమీ లేదు. ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, అంతే. ఎక్స్‌సెండ్‌ఈవెంట్ పిలవగానే ఈవెంట్ సర్వర్‌కు వెళ్లిపోదు, ఎక్స్‌లిబ్ సొంత బఫర్‌లో, అంటే ఆ జేబులో, కూర్చుంటుంది. మీ మెయిన్ థ్రెడ్ అప్పటికే తర్వాతి ఈవెంట్ కోసం ఎక్స్‌నెక్స్ట్‌ఈవెంట్ దగ్గర నిద్రపోతోంది. మౌస్ కదలగానే లేచి, ఆ పని ముగించుకుని మళ్లీ ఎక్స్‌నెక్స్ట్‌ఈవెంట్‌కు వస్తుంది. ఆ రావడంలో బఫర్ ఖాళీ అవుతుంది, దాంతో మీ ఉత్తరమూ పోస్టవుతుంది. పంపిన వెంటనే ఎక్స్‌ఫ్లష్ అని ఒక్క లైను రాయండి చాలు.

థ్రెడ్లు రెండున్నాయి కాబట్టి, రెండూ ఒకేసారి ఎక్స్‌లిబ్‌ను పిలిచినా గందరగోళం రాకుండా ఎక్స్‌ఇనిట్‌థ్రెడ్స్ కూడా కావాలి. మిగతా ఎక్స్‌లిబ్ పిలుపులన్నిటికంటే ముందు అదే ఉండాలి. 2022లో వచ్చిన లిబ్‌ఎక్స్11 (ఎక్స్‌లిబ్ ప్యాకేజీ పేరు) 1.8 నుంచి లైబ్రరీయే దాన్ని పిలుచుకుంటోంది గానీ, కాటా దగ్గర కంప్యూటర్లు ఎంత కొత్తవో నాకు తెలుసు! రాసేయండి.

ఇక 379 కిలోల సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన తప్పు ఇదే. మీ సొంత ఈవెంట్ క్లయింట్‌మెసేజ్ రకానిది. విండో మూయమని విండో మేనేజర్ (విండోల చట్రాలు, మూసే గుర్తు చూసుకునే ప్రోగ్రాం) పంపే కబురు కూడా అదే రకం. మీరు క్లయింట్‌మెసేజ్ రాగానే, ఎవరిదో చూడకుండా, మెసేజ్ మొదటి గడిలోని అంకెను బరువనుకుని రాసేస్తున్నారు. మూసే కబురులో ఆ గడిలో ఉండేది ‘డబ్ల్యూఎం డిలీట్ విండో’ అనే పేరుకు సర్వర్ ఇచ్చిన నంబరు. దాన్నే ఆటమ్ అంటారు. మీ సిస్టమ్‌లో ఆ రోజు అది 379 అయి ఉంటుంది, ఇంకో రోజు ఇంకోటి కావచ్చు. అందుకే ముందుగా ఎక్స్‌ఇంటర్న్‌ఆటమ్‌తో మీ మెసేజ్‌కు ఒక పేరు పెట్టుకోండి, ‘కాటా బరువు’ అనో ఏదో. పంపేటప్పుడు మెసేజ్‌టైప్‌లో ఆ ఆటమ్ పెట్టండి. అందుకున్నప్పుడు ముందు మెసేజ్‌టైప్ చూసి, మీదైతేనే బరువు రాయండి. అది విండో మేనేజర్ కబుర్లకు ఉండే ‘డబ్ల్యూఎం ప్రోటోకాల్స్’ అయి, మొదటి గడిలో డిలీట్ ఆటమ్ ఉంటే విండో మూసేయండి.

అడ్రసు పంపే ఆలోచన మాత్రం మానుకోండి. ఎక్స్11 ప్రోటోకాల్ 1987 నాటిది. అందులో ఒక ఈవెంట్ అంటే 32 బైట్లు, క్లయింట్‌మెసేజ్‌లో మీ సరుకుకు దక్కేది 20. ఫార్మాట్ 32 అంటే ఐదు గడులు, గడికి 32 బిట్లు. సి భాషలో చూస్తే ఆ గడి లాంగ్, అంటే 64 బిట్ల లైనక్స్‌లో 64 బిట్లు. అడ్రసు నిక్షేపంగా పట్టినట్టే ఉంటుంది, దారిలో సగం తెగిపోతుంది. అవతల దాన్ని తెరవగానే ప్రోగ్రాం కూలిపోతుంది. పాత 32 బిట్ల మెషీన్‌లో అడ్రసు తెగదు, ఇదే ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, అదే అసలు మోసం. బరువుకు ఇబ్బంది లేదు. 60 టన్నులను గ్రాముల్లో రాసినా 6 కోట్లే, గడిలో 200 కోట్లు దాటి పడుతుంది. స్ట్రక్చర్లను మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) ఉన్న క్యూలో పెట్టి, ఈవెంట్‌తో ‘వచ్చి చూసుకో’ అని మాత్రం పంపండి.

ఎక్స్‌సెండ్‌ఈవెంట్‌కు ఇచ్చే ఈవెంట్ మాస్క్ (ఏ రకం ఈవెంట్లు కోరినవాళ్లకు చేరాలో చెప్పే విలువ) దగ్గర మీరు సున్నా పెట్టినట్టున్నారు, ఆలస్యంగానైనా అందుతోంది కాబట్టి. అలాగే ఉంచండి. సున్నా ఉంటే విండోను సృష్టించిన ప్రోగ్రాంకే చేరుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అక్కడ కీప్రెస్ మాస్క్ పెట్టాను. నా విండోనేమో కీబోర్డు ఈవెంట్లు అడగనే లేదు. ఎవరూ కోరని ఈవెంట్ ఎవరికీ చేరలేదు. ఫంక్షన్ మాత్రం ప్రతిసారీ ‘పంపాను’ అన్నట్టు సున్నా కాని విలువే ఇచ్చింది. రెండు రాత్రులు పోయాయి. ఆ విలువకు అర్థం ఈవెంట్ సరైన రూపంలోకి మారిందని మాత్రమే, చేరిందని కాదు.

కొత్త డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) ఎక్స్‌కు బదులు వేలాండ్ ఉంది కదా అంటారేమో. మీ ప్రోగ్రాం అక్కడ ఎక్స్‌వేలాండ్ (వేలాండ్ మీద నడిచే ఎక్స్ సర్వర్) మీద నడుస్తుంది, సొంత విండోకు పంపుకునే మెసేజ్‌కు ఢోకా లేదు. రేపు క్యూటీకి (విండో ప్రోగ్రాములు రాసే ఇంకో లైబ్రరీకి) మారితే మాత్రం ఈ తంటాలేవీ వద్దు, పోస్ట్‌ఈవెంట్ చాలు.

ఎక్స్‌ఫ్లష్ రాశాక ఒకసారి మౌస్ తీగ పీకేసి లారీని కాటా ఎక్కించండి. అంకె మారిందో లేదో మామయ్యనే చూడమనండి.