చెన్నైలో సినిమా విద్యార్థుల వర్క్‌షాప్: మూడు నిమిషాల సినిమా తీసి పరాయివాళ్లకు చూపించండి

చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్న తెలుగువాళ్లం ఓ పది మందిమి ఉన్నాం, క్లాసులో అంతా థియరీయే, విమర్శ, నిర్మాణం, ప్రేక్షకులు మూడూ కలిసొచ్చేలా సెలవుల్లో సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకోవాలంటే ఎలా నడపాలి, ఎవరిని పిలవాలి అని అడిగారు. నేను చెన్నైలోని సాలిగ్రామంలో సినిమా ఎడిటింగ్ చేస్తాను. కొన్నేళ్లుగా శని, ఆదివారాల్లో మీలాంటి పిల్లలతో ఈ పని చేయిస్తున్నాను. చేసి చూసిందే చెబుతాను.

విమర్శకు ఒక రోజు, నిర్మాణానికి ఒక రోజు, ప్రేక్షకులకు ఒక రోజు అని పంచేసి, రోజుకో పెద్దమనిషితో ఉపన్యాసం ఇప్పించకండి. అలాంటివి చాలా చూశాను. శాలువా కప్పుతారు, ఫొటోలు దిగుతారు, పిల్లల పుస్తకంలో నాలుగు వాక్యాలు మిగులుతాయి. దాని బదులు రెండు జట్లుగా విడిపోయి, జట్టుకొకటి చొప్పున మూడు నిమిషాల సినిమా తీయండి. మీరే రాసి, తీసి, ఎడిట్ చేసి, పరాయివాళ్లకు చూపించి, మళ్లీ ఎడిట్ చేసి, దాని మీదే విమర్శ రాయండి. మూడు విద్యలూ ఆ ఒక్క సినిమాలోనే పట్టుబడతాయి. ఎవరిని పిలవాలి అన్నారు కదా, అందరికంటే ముందు పిలవాల్సింది ప్రేక్షకులను.

కెమెరా ముట్టుకోకముందు రెండు పూటలు విమర్శకు ఇవ్వండి. ఇంటర్నెట్‌లో తెలుగు సమీక్షలకు ఒక అచ్చు పడిపోయింది. కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్‌లు, మైనస్‌లు, చివర్లో రేటింగు. 'ఎడిటర్ తన కత్తెరకు ఇంకాస్త పని చెప్పాల్సింది' అనే వాక్యం మాత్రం ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. అది చదివినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న. ఎక్కడ? ఏ సీనులో, ఏ షాట్ తర్వాత? దానికి జవాబు చెప్పగలిగేదాకా నా దగ్గరికొచ్చే పిల్లల్ని తీర్పు వాక్యం రాయనివ్వను.

దానికి నేను చేయించే పని ఇది. రెండు నిమిషాల సీను ఒకటి తీసుకుని మొదట సౌండ్ తీసేసి చూడాలి. కాగితం మీద గళ్లు గీసి షాట్ నంబరు, ఎన్ని సెకన్లు, ఫ్రేములో ఎవరున్నారు, కెమెరా ఏ ఎత్తులో ఉంది, వెలుగు ఎటునుంచి పడుతోంది అన్నీ రాయాలి. తర్వాత తెరకు వీపు పెట్టి వినాలి. ఆ తర్వాతే రెండూ కలిపి. నేను ఎక్కువగా మాయాబజార్ (1957)లోని పడవ పాట ఇస్తాను. ఆ వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ తన పనితనంతో పుట్టించిందని ముందుగా చెప్పను. వెలుగు గడి నింపేటప్పుడు వాళ్ల పెన్నులు వాటంతట అవే ఆగుతాయి. వెనక్కి తిప్పి మళ్లీ చూస్తారు, ఒకరితో ఒకరు వాదించుకుంటారు. ఆ వాదనలో విమర్శ మొదలవుతుంది. అప్పుడు ఒక పేజీ రాయమంటాను. 'అద్భుతం', 'సాగదీత', 'ఫర్వాలేదు' అనే మాటలు ఆ పేజీలో కనపడకూడదు.

షూటింగ్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీకు ఉత్సాహం ఎక్కువుండేది అక్కడే. ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు, ఒక పూట. మెరీనా, మెట్రో స్టేషన్ అనుకుంటే అనుమతుల కోసం తిరగడంలోనే సెలవులు అయిపోతాయి. ఫోన్ చాలు. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. అందుకే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మిణుకుతుంది, చారలు పడతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టండి. ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుగు మోతాదు), ఫోకస్ మధ్యలో మారకుండా లాక్ చేయండి. ఫ్రేమ్ రేటు నిలకడగా ఉంచే కెమెరా యాప్ వాడండి, లేకపోతే విడిగా రికార్డు చేసిన సౌండ్ ఎడిటింగ్‌లో పెదాలతో కలవక ఏడిపిస్తుంది.

సౌండ్ దగ్గర మాత్రం ఏమాత్రం రాజీ పడొద్దు. ఫ్యాను ఆపండి, ఎంత ఉక్కగా ఉన్నా సరే. ఫ్రిజ్ ఆపి, బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం ఎవరూ మరిచిపోరు. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ నోరు మూసుకుని నిలబడి అర నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. డైలాగుల మధ్య అతుకులు కప్పేది అదే.

ఎడిటింగ్‌కు నాదొక నియమం ఉంది, పిల్లలకు మొదట అస్సలు నచ్చదు. తీసినవాళ్లు ఎడిట్ చేయకూడదు. రెండు జట్లూ తమ రష్ (ఎడిట్ చేయని షాట్లు) మార్చుకోండి. ఒక షాట్ కోసం మీరు టేబుల్ మీద స్టూలు వేసి ఎక్కి ఎంత తిప్పలు పడ్డారో అవతలి జట్టుకు తెలియదు. తెరమీద ఉన్నదే చూస్తారు. అనవసరమైతే మొహమాటం లేకుండా తీసేస్తారు.

ఇక్కడ ఒక మనిషిని పిలవండి. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో పనిచేసి, పరిశ్రమ హైదరాబాదుకు తరలినా ఊరు వదలని టెక్నీషియన్లు వడపళని, సాలిగ్రామం, విరుగంబాక్కం వీధుల్లో ఇంకా ఉన్నారు. మైకు ఇచ్చి అనుభవాలు చెప్పమనకండి, చేసి చూపించమనండి. మూవియోలా (ఫిల్ము రోజుల నాటి ఎడిటింగ్ యంత్రం) మీద పనిచేసిన ఒక పెద్దాయన మా పిల్లల్ని వీధిలోకి తీసుకెళ్లారు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు. గేటు దగ్గర ఒకణ్ని నిలబెట్టి, 90 అడుగులు కొలుచుకుంటూ నడిచి, ఇదిగో మీ ఒక్క నిమిషం అన్నారు. మూడు నిమిషాలకు 270 అడుగులు. తర్వాత మౌస్ ముట్టనివ్వకుండా, ఎక్కడ కోస్తారో, ఎందుకో కాగితం మీద రాయించారు. అలాంటివారికి ఆటో ఖర్చు, మంచి భోజనం, కవరులో కొంత డబ్బు తప్పకుండా ఇవ్వండి. శాలువా ఒక్కటే కప్పి పంపితే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక ప్రేక్షకులు. అపార్ట్‌మెంట్ హాలు, ఒక ప్రొజెక్టరు, తెల్ల గోడ చాలు. ఓ ముప్పై మందిని పిలవండి. స్నేహితులు, చుట్టాలు వద్దు, వాళ్లు మిమ్మల్ని చూస్తారు, సినిమాను చూడరు. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగాలకు కొత్తగా వచ్చినవాళ్లు, పెరంబూరు, షావుకారుపేటల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు, రెండు రకాలవాళ్లూ ఉండాలి. ముందుగా కథ చెప్పొద్దు, 'ఇంకా మ్యూజిక్ వేయలేదండీ' అనే సంజాయిషీ కూడా వద్దు. తీసినవాళ్లు ప్రేక్షకుల మధ్య కూర్చోకూడదు, మీ నవ్వు పక్కవాళ్లకు అంటుకుంటుంది. గోడ వారగా నిలబడి, తెరను కాదు, మొహాలను చూడండి. ఒక్కొక్కరు ఐదారుగురిని పంచుకోండి. ఎవరు ఫోన్ తీశారు, ఎవరు ముందుకు వంగారు, ఎవరు పక్కవాళ్లను ఏదో అడిగారు, అది ఎన్నో సెకనులో అన్నది రాయండి.

అయిపోయాక 'ఎలా ఉంది?' అని అడగకండి. 'బాగుంది బాబూ' అంటారు, అక్కడితో సరి. 'కథ చెప్పండి' అనండి. ఎవరు చెప్పినా మధ్యలో సరిదిద్దొద్దు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక జట్టు తీసిన సినిమాలో అమ్మ వంట చేసి హాస్టల్ నుంచి రావాల్సిన కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఫోన్‌లో 'రావడం లేదమ్మా' అని తెలుగులో మెసేజ్ వస్తుంది. క్లోజప్ రెండు సెకన్లు. కథంతా దాని మీదే నిలబడింది. సరిగ్గా అక్కడ కొందరు ఆడవాళ్లు పక్కవాళ్ల వైపు తిరిగారు. కథ చెప్పమంటే, 'కూర చెడిపోయిందని ఆవిడకు కోపం వచ్చింది' అన్నారు. వాళ్లు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు, చదువు మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగింది. తెలుగు అక్షరాలు చదవడం రాదు. చెన్నైలో అలాంటి ఇళ్లు ఎన్నో. సబ్‌టైటిల్ వేద్దామని ఒకరు, మెసేజ్ పైకి చదివిద్దామని ఇంకొకరు చాలాసేపు కొట్లాడుకున్నారు. చివరికి ఒకే ఒక్క షాట్ మళ్లీ తీశారు. ఫోన్ చూసిన అమ్మ, వేసిన రెండు కంచాల్లో ఒకటి తీసి లోపల పెడుతుంది. రెండో ప్రదర్శనలో అందరూ కథ సరిగ్గా చెప్పారు. పైగా మెసేజ్ చదవగలిగినవాళ్లకు కూడా ఆ కంచమే గుర్తుండిపోయింది.

మొదటి ప్రదర్శన అయిన రాత్రే విమర్శ పూర్తి చేయండి. అవతలి జట్టు సినిమా మీద ప్రదర్శనకు ముందు ఒక పేజీ, తర్వాత ఒక పేజీ. రెండూ వాళ్ల ఎదుటే చదవాలి, చదివేదాకా వాళ్లు నోరు మెదపకూడదు. వీలుంటే మరో చర్చ పెట్టండి. 2023 చట్ట సవరణతో సెన్సార్ ఇచ్చే యూఏ సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి కదా, మీ సినిమాకు ఏది వస్తుంది, ఏ షాట్ వల్ల? పిల్లలున్న ప్రేక్షకుల గురించి మీరు అప్పటిదాకా ఆలోచించి ఉండరు.

మిగతా రోజుల్లో సినిమాలు చూడటానికి ఊళ్లో ఫ్రెంచి, జర్మన్ సాంస్కృతిక కేంద్రాలైన అలయాన్స్ ఫ్రాంసేజ్, గోథే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఇండో సినీ అప్రిసియేషన్ ఫౌండేషన్ నడిపే చెన్నై అంతర్జాతీయ చిత్రోత్సవానికి తప్పకుండా వెళ్లండి. విమర్శ వైపే మనసు లాగితే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) వాళ్ల ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సు మంచిది.

రెండో ప్రదర్శనకు మాత్రం కొత్తవాళ్లనే పిలవండి, మొదటివాళ్లకు కథ తెలిసిపోయింది. కానీ మార్చిన సినిమా లింకును మొదటిసారి వచ్చినవాళ్లందరికీ పంపించి, వాళ్ల ఏ మాట వల్ల ఏ షాట్ మారిందో రాయండి. మూడోసారి మీరు పిలవకపోయినా వాళ్లే వస్తారు.