సోయా నూనె నుంచి హార్మోన్ తీసిన కెమిస్ట్

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదువుతున్నానండి, స్టెరాయిడ్ కెమిస్ట్రీలో పేరు తెచ్చుకున్నవాళ్ళ గురించి చెప్తారా?

జవాబు: పెర్సీ జూలియన్ గురించి తెలుసుకోమ్మా. 1899లో అమెరికా అలబామాలో పుట్టారు, హార్వర్డ్‌లో మాస్టర్స్ చేసినా నల్లజాతి మనిషని టీచింగ్ పోస్టు ఇవ్వలేదు, దాంతో చివరికి వియన్నా వెళ్ళి 1931లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు, 1935కల్లా గ్లకోమా అనే కంటిజబ్బుకి అప్పట్లో వాడే మందు ఫైసోస్టిగ్మిన్‌ని ల్యాబ్‌లో తయారుచేసేశారు. గ్లిడెన్ కంపెనీలో ఉండగా సోయా నూనె ట్యాంకులోకి నీళ్ళు లీకై తెల్లగా ముద్దకట్టింది, ఇంకొకరైతే పారబోసేవాళ్ళే, ఈయన మాత్రం అది మొక్కల్లో దొరికే స్టెరాయిడ్, స్టిగ్మాస్టెరాల్ అని పట్టేశారు! దాన్నుంచే ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్‌ని పెద్దఎత్తున తయారుచేశారు. ఇంత చేసిన మనిషి ఇంటిని 1950లో షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో, నల్లజాతివాడన్న ద్వేషంతో ఎవరో తగలబెట్టాలని చూశారు, చదువుతుంటేనే కడుపు మండిపోతుంది. స్టిగ్మాస్టెరాల్ సైడ్ చెయిన్‌లో డబుల్ బాండ్ ఉంటుంది కదా, దాన్ని ఓజోన్‌తో ఎలా తెంచుతారో ముందు అది చూడు, ప్రొజెస్టెరాన్ తయారీలో మిగతా స్టెప్పులు ఈజీగా ఎక్కేస్తాయి.