ఆఖరి 37 కిలోమీటర్లు

బంగారు తల్లీ,

ఆదివారం మీ అమ్మ ఫోను చేసి మీ ప్రయాణం సంగతి చెప్పింది. ఫిబ్రవరి సెలవుల్లో పిల్లలిద్దరినీ, అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకుని ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల్లోని వాల్ తొరాన్స్‌కు స్కీయింగ్‌కు వెళుతున్నారట. జెనీవాలో విమానం దిగి, అక్కడ కారు అద్దెకు తీసుకుని అల్లుడే నడుపుతాడట. మొదటి మాట వినగానే నా మనసు నిండిపోయింది. ఏడేళ్లప్పుడు మా వరండా మెట్ల మీద నుంచి దూకడానికి భయపడి, నా కొంగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిన పిల్లవు నువ్వు. నీ పిల్లలు మంచుకొండ మీద జారుతూ ఆడుకుంటారంటే నాకెంత గర్వమో నీకు తెలియదు. రెండో మాట విన్నాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఫోనులో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, చూస్తాం" అని మాట మార్చేస్తావు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. వదినగారికీ అన్నయ్యగారికీ బ్రిటన్ వీసా ఉంటే చాలదు, జెనీవాలో దిగాలంటే స్విట్జర్లాండుకూ ఫ్రాన్సుకూ చెల్లే షెంగెన్ వీసా వేరుగా ఉండాలి. హైదరాబాదులో ఉండగానే తీసుకున్నారో లేదో ఈ రోజే అడుగు. విమానం పొద్దున దిగేదే తీసుకో. టిక్కెట్లు మార్చుకునే వీలుంటే శనివారం మానేసి ఆదివారం వెళ్లు. అక్కడ గదులు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు కాబట్టి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ చాలామంది అదే రోజు ఆ ఒక్క లోయలో ఇరుక్కుంటారు. ఫ్రెంచి పిల్లల సెలవులు కూడా ఫిబ్రవరిలోనే. ఏ రోజు రద్దీ ఎంతో బిజాన్ ఫ్యూతే అనే వాళ్ల ప్రభుత్వ సేవ ముందే రంగులతో చెబుతుంది. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. నలుపు అన్న రోజు మాత్రం బయలుదేరకు.

ఇక అసలు సంగతి. కొండ మీదికి కారు వద్దమ్మా. వ్యాను మాట్లాడుకో.

ఎందుకో చెప్పాలంటే 1997 ఫిబ్రవరి దగ్గరకు వెళ్లాలి. ఈ కథ నీకు సగమే తెలుసు. మీ పెద్దనాన్న చెప్పిన సగం.

అప్పటికి మేం ఇంగ్లండు వెళ్లి తొమ్మిదేళ్లు. మీ అక్కకు ఆరేళ్లు. మీరు వెళ్లే లోయలోనే, వాల్ తొరాన్స్ కంటే కొంచెం కింద లే మెన్యుయిర్ అనే ఊళ్లో గది తీసుకున్నాం. మధ్యాహ్నం జెనీవాలో దిగేసరికి ఎండ కాస్తోంది. సరస్సు మీద ఆకాశం నీలంగా ఉంది. కార్ల కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితాలు నింపుతూ తలెత్తి, "చైన్లు కావాలా?" అని అడిగింది. మంచులో జారకుండా చక్రాలకు చుట్టే గొలుసులు. ఎక్కడికి వెళుతున్నామో చెప్పాక మరోసారి అడిగింది. వాటికి వేరే డబ్బు కట్టాలి. మీ పెద్దనాన్న నోరు తెరిచేలోపే నేను వద్దన్నాను. ఆ డబ్బుతో మీ అక్కకు మంచి కళ్లజోడు వస్తుందని మనసులో లెక్క వేసుకున్నాను.

ఆయన మాత్రం ధీమాగా ఉన్నారు. "తిరుమల ఘాట్‌లో అంబాసిడర్ నడిపినవాణ్ని, నాకు ఇదో లెక్కా" అన్నారు. అంతవరకూ ఆయన మంచు మీద బండి నడిపింది మా వీధిలో రెండు సార్లు.

దారిలో అల్బేర్‌విల్ అనే ఊరు చేరేసరికే ట్రాఫిక్ నిలిచిపోయింది. 1992 చలికాలపు ఒలింపిక్స్ కోసం ఆ ఊరి నుంచి, కొండ ఎక్కడం మొదలయ్యే మూతియే దాకా రోడ్డు వెడల్పు చేశారు, అయినా శనివారం పూట అది చాలదు. మూతియే దగ్గర లోయ అడుగున ఉన్నప్పుడు చీకటి పడుతోంది, సన్నగా వాన. వానే కదా అనుకున్నాం. ఇది బాగా గుర్తు పెట్టుకో తల్లీ: అక్కడ కింద వాన పడుతుంటే పైన మంచు కురుస్తోందని అర్థం. మూతియే దాదాపు 480 మీటర్ల ఎత్తు, మీరు వెళ్లే ఊరు 2,300. తిరుమల ఘాట్ ఎక్కేదానికి రెట్టింపు పైమాటే. అదంతా 37 కిలోమీటర్లలో ఎక్కాలి.

సాన్ మార్తాన్ అనే పల్లె దాటాక రోడ్డు తెల్లబడింది. దారి పక్కన గుండ్రటి నీలం బోర్డు కనిపించింది, దాని మీద చైను చుట్టిన చక్రం బొమ్మ. చైన్లు లేకుండా ఇక ముందుకు వెళ్లకూడదని. నేను చూశాను. ఆయన కూడా చూశారు. ఇద్దరం మాట్లాడలేదు.

ఒక మలుపులో ముందు కారు ఆగింది. మేం కూడా ఆగాం. మళ్లీ కదలబోతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఆయన బ్రేకు తొక్కిపట్టారు. కారు నిలబడిందనే అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే, మంచులో రోడ్డు అంచు తెలియడానికి పాతిన కర్ర ఒకటి మెల్లగా ముందుకు వెళుతోంది. కర్ర ఎలా కదులుతుంది అనుకున్నాను. కదులుతున్నది మేమే. బ్రేకు మీద కాలు ఉండగానే కారు వెనక్కి జారుతోంది. చప్పుడు లేదు, కుదుపు లేదు. వెనక సీట్లో మీ అక్క నిద్రపోతోంది. అవతలి పక్కన లోయ.

అంచున పోసి ఉన్న మంచు కుప్పకు తగిలి కారు ఆగింది. నేను తలుపు తీసుకుని దిగాను. మన లారీ క్లీనర్లు ఘాట్ మీద చక్రం వెనక రాయి పెడతారు చూడు, అదే గుర్తొచ్చింది. మంచు తవ్వాను, ఒక్క రాయి దొరకలేదు. డిక్కీ తీసి, వారానికని తెచ్చుకున్న అయిదు కిలోల బియ్యం సంచి లాగి వెనక చక్రం కింద పెట్టాను. కారు మరో జానెడు జారి సంచి మీదికి ఎక్కింది. సంచి పగిలిపోయింది. ఏది బియ్యమో ఏది మంచో తెలియలేదు. నేను రెండు చేతులతో ఆ బియ్యాన్నే మళ్లీ చక్రం కిందికి తోస్తూ కూర్చున్నాను. చేతికున్న గాజులు ఎంత చల్లబడ్డాయంటే చర్మానికి నిప్పు తగిలినట్టు మండింది.

అప్పుడు వెనక నుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. విమానాశ్రయం నుంచి మనుషుల్ని చేరవేసే వ్యాను. దాని చక్రాలకు చైన్లు అప్పటికే వేసి ఉన్నాయి. డ్రైవరు పెద్దాయన, ఉన్ని టోపీ పెట్టుకుని ఉన్నాడు. దిగి మా కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తన డిక్కీలోంచి రెండు చెక్క దిమ్మలు తెచ్చి చక్రాల వెనక పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మీ అక్కను దుప్పటితో సహా ఎత్తుకుని తన వ్యానులో పడుకోబెట్టి, నన్నూ ఎక్కమన్నాడు. కారు దారికి అడ్డంగా ఉంది, వదిలి రాకూడదని మీ పెద్దనాన్న అక్కడే ఉండిపోయారు.

ఆ వ్యానులో వెళుతూ చూశాను. ఆ మనిషికి ప్రతి మలుపూ తెలుసు. ఎక్కడ ఆగకూడదో, ఎదురుగా బస్సు వస్తే ఎక్కడ ఒదిగి నిలబడాలో తెలుసు. మమ్మల్ని గది ముందు దింపి డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

అప్పట్లో మా దగ్గర సెల్‌ఫోన్లు లేవు. మూడున్నర గంటలు ఆ గది కిటికీ దగ్గర నిలబడ్డాను. మీ అక్క లేచి "నాన్న ఏరీ?" అని అడిగితే వస్తున్నారని చెప్పాను. మంచు తోడే లారీ వచ్చి దారి చేశాక, పోలీసులు సాయం చేస్తే రాత్రి పదకొండు దాటాక వచ్చారు. కుడిచేతి రెండు వేళ్లు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. వాటిని నా చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

తరవాత ఎవరు అడిగినా ఆయన ఒకటే చెప్పేవారు, "చైన్ల సంగతి మాకు తెలియలేదు" అని. మీ అమ్మకూ అదే చెప్పారు, నీకూ అదే చెప్పారు. చైన్లు వద్దన్నది నేనని ఎన్నడూ, ఎవరి ముందూ అనలేదు. కోపంలో కూడా అనలేదు. ఆయన పోయిన ఇన్నేళ్లకు ఇప్పుడు నీకు చెబుతున్నాను.

2014 డిసెంబరు 27న అదే ప్రాంతంలో మంచు తుఫాను వచ్చి సుమారు 15,000 మంది వాహనదారులు రోడ్ల మీద చిక్కుకుపోయారు. అది శనివారమే. ఎంతోమంది ఆ రాత్రి ఊళ్లలో తెరిచిన సహాయ కేంద్రాల్లో పడుకున్నారు. ఇంట్లో కూర్చుని టీవీలో ఆ కార్ల వరస చూస్తూ నేను మళ్లీ ఆ కర్రనే చూశాను.

ఇప్పుడు అల్లుడు ఏమంటాడో నాకు తెలుసు. కారయితే మన ఇష్టం, వ్యాను ఖరీదు అంటాడు. అతన్నే కూర్చోబెట్టి లెక్క కట్టమను. మీరు ఆరుగురు. మామూలు కారు చాలదు. ఏడు సీట్ల కారులో సీట్లన్నీ ఎత్తితే డిక్కీలో సామానుకు చోటుండదు. పెద్ద బండి అద్దె, దాని మీద చైన్లు, పిల్లల సీట్లు, టోల్, పెట్రోలు, క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచే డిపాజిట్. ఇంతా చేసి, వాల్ తొరాన్స్‌లో కార్లు తిరగనివ్వరు. సామాను దించి, కారును డబ్బు కట్టి పార్కింగులో పెట్టాల్సిందే. వారం రోజులు అది మంచు కింద పడుకుంటుంది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎనిమిది మంది పట్టే వ్యాను మీ ఒక్క కుటుంబానికే మాట్లాడుకుంటే, తలకు పడేది దాదాపు అంతే అవుతుంది.

చవకని అందరితో కలిపి ఎక్కించే బస్సు మాత్రం వద్దు. వేరే విమానాల వాళ్లు వచ్చేదాకా కూర్చోబెడతారు, పైన బస్టాండులో దింపుతారు. అక్కడి నుంచి వదినగారు మోకాళ్ల నొప్పులతో ఆ గడ్డకట్టిన నేల మీద పెట్టె లాక్కుంటూ నడవాలా? ఆవిడ మొదటిసారి మంచు చూడబోతున్నారు, అది కిటికీలోంచి హాయిగా చూడనీ. గది గుమ్మం దాకా తెచ్చే వ్యానే తీసుకో. లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉన్న సంస్థేనా అని చూడు. విమానం ఆలస్యమైతే ఎంతసేపు ఆగుతారో, దానికి అదనంగా తీసుకుంటారో కాగితం మీద రాయించుకో. పిల్లల వయసు, బరువు చెప్పి సీట్లు ముందే అడుగు. ఫ్రాన్సులో పదేళ్ల లోపు పిల్లలకు వాళ్లకు తగిన సీటు ఉండాలి, వెనకే కూర్చోబెట్టాలి. తిరుగు ప్రయాణంలో ఎన్నింటికి బయలుదేరాలో వాళ్లు చెబితే, పొద్దున్నే లేవాలని వాళ్లతో వాదించకు. చిన్నదానికి మలుపుల్లో వాంతి అవుతుంది, ఎక్కే ముందు పాలు పట్టకు.

ఇంత చెప్పినా కారే అంటే, వినను అని మొండికేస్తే, కనీసం ఇవి విను. అసలు లోయలో, ఆన్సీ వైపో మూతియేలోనో గది తీసుకుని, రోజుకో కొండకు వెళ్లేవాళ్లయితే కారు మంచిదే, నేను కాదనను. కానీ మీరు ఉండేది పైన. జెనీవా విమానాశ్రయం సరిహద్దు పక్కనే ఉంది, కార్లు స్విస్ వైపూ ఇస్తారు, ఫ్రెంచి వైపూ ఇస్తారు. ఫ్రెంచి వైపు చవక. కానీ స్విస్ కార్లకు చలికాలంలో మామూలుగా వింటర్ టైర్లు ఉంటాయి, స్విస్ మోటార్‌వే మీద వెళ్లడానికి అంటించే స్టిక్కరు కూడా ఉంటుంది. దాని ధర 40 ఫ్రాంకులు. ఫ్రెంచి వైపు వాటికి టైర్ల సంగతి అడిగి తెలుసుకోవాలి. ఏ వైపు తీసుకుంటే ఆ వైపే తిరిగి ఇవ్వాలి. 2021 నుంచి ఫ్రాన్సులో చట్టమే ఉంది: నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఆ కొండ ప్రాంతాల్లో నాలుగు చక్రాలకూ వింటర్ టైర్లయినా ఉండాలి, డిక్కీలో చైన్లయినా ఉండాలి. 2024 నవంబరు నుంచి, మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తు ఉన్న టైర్లనే వింటర్ టైర్లుగా లెక్కిస్తారు. ఆ గుర్తు చక్రం దగ్గర వంగి చూడమను. టైర్లు ఉన్నా చైన్లు తీసుకోండి. ఇంటి ముందు ఆరిన నేల మీద రెండు సార్లు వేసి తీయడం నేర్చుకోమను, నీవూ నేర్చుకో. ఇంజను తిప్పే చక్రాలకే వేయాలి. చైన్లు వేశాక గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. రోడ్డు తెల్లబడ్డాక వేద్దాంలే అనుకోవద్దు, మలుపుకు ముందు చదునైన చోట ఆగి వేయాలి. కౌంటరులో అమ్మాయి ఏదైనా రెండోసారి అడిగితే, అల్లుణ్ని కాదు, నిన్ను వినమంటున్నాను.

ఇంతసేపూ కోప్పడ్డానని బాధపడకు. చలికి చేతి తొడుగులు పిల్లలకు రెండేసి జతలు పెట్టు, ఒకటి తడిస్తే ఇంకొకటి. అల్లుడికి నా మాటగా చెప్పు, వ్యాను డబ్బు పెద్దమ్మ ఇస్తుందని. మీ పెళ్లికి నేను రాలేకపోయినప్పటి బాకీ అనుకోండి. ఈ వారంలోనే మాట్లాడుకో, ఫిబ్రవరికి వ్యాన్లు దొరకవు.

గదిలో సామాను దించగానే ఫోను చెయ్యి. అక్కడ సాయంత్రం ఆరయితే ఇక్కడ రాత్రి పదిన్నర. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ