డాక్టర్ సలహా: తడిగుడ్డ పెడితే పల్స్ 130 చూపిస్తోంది.. ఎంత దాటకుండా చూసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 42. ఏలూరు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. 2022 జనవరిలో కొవిడ్ వచ్చి వారంలో తగ్గిపోయింది కానీ అప్పటినుంచి ఓపిక లేదు. ఒక పూట కాస్త ఎక్కువ పని చేస్తే ఆ రోజు బాగానే ఉంటాను. మర్నాడో, ఆ తర్వాతి రోజో ఒళ్లంతా నొప్పులు, గొంతునొప్పి, బుర్ర మొద్దుబారినట్టు ఉండటం. రెండు మూడు రోజులు మంచం దిగలేను. ఎంత నిద్రపోయినా హాయిగా అనిపించదు. పరీక్షలన్నీ నార్మల్. పోయినేడాది ఒక న్యూరాలజిస్టు చూసి ‘క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్’ అన్నారు. థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు వాడుతున్నాను. మా అబ్బాయి స్మార్ట్‌వాచీ కొనిచ్చాడు. పొద్దున లేచేసరికి 74 ఉంటుంది, వంట దగ్గర నిలబడితే 110, ఇల్లు తడిగుడ్డ పెడితే 130. అది చూస్తే టెన్షన్. రోజూ నడిస్తేనే ఓపిక వస్తుందని మావారు, మా అత్తగారు అంటున్నారు. పల్స్ ఎంత దాటకుండా చూసుకోవాలి? లాంగ్ లీవులో ఉన్నాను, మళ్లీ బడికి వెళ్లగలనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. తడిగుడ్డ పెడుతున్నప్పుడు 130 కనిపించినంత మాత్రాన గుండెకు ప్రమాదం వచ్చినట్టు కాదు. మీ వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మెట్లు గబగబా ఎక్కినా అంత వేగం వస్తుంది. మీ విషయంలో ఆ అంకె చెప్పేది వేరే సంగతి. ఆ పని మీ శరీరానికి మోయలేనంత బరువుగా ఉందని, దాని దెబ్బ ఎల్లుండి తెలుస్తుందని ముందుగానే చెబుతోంది. అందుకే ఈ వాచీ మీకు నిజంగా పనికొస్తుంది. మీరు రాసిన వివరాలను బట్టి 89–90 దగ్గర హద్దు పెట్టుకుని మొదలుపెట్టండి. ఆ లెక్క ఎలా వచ్చిందో, దాన్ని ఎలా వాడాలో చెబుతాను.

పని చేసిన రోజు కాకుండా ఆ తర్వాత పడిపోవడమే ఈ జబ్బుకు అసలు గుర్తు. శ్రమ చేశాక 12 నుంచి 48 గంటల్లో బాధలు ముదురుతాయి, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఉంటాయి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఈ జబ్బు నిర్ధారణకు ఇచ్చిన ప్రమాణాల్లో ఇది తప్పనిసరిగా ఉండాల్సిన లక్షణం. ఆరు నెలలకు పైగా ఓపిక బాగా తగ్గిపోవడం, నిద్రపోయినా తెరిపి లేకపోవడం కూడా ఉండాలి. వీటికి తోడు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే బాధలు పెరగడమో ఉండాలి. ఇవన్నీ మీ ఉత్తరంలో ఉన్నాయి. కొవిడ్ తర్వాత మొదలైంది కాబట్టి కొందరు డాక్టర్లు దీన్నే లాంగ్ కొవిడ్ అని రాయవచ్చు. ఏ పేరు రాసినా, పని చేసిన తర్వాత ఇలా పడిపోయేవాళ్లు పాటించాల్సిన పద్ధతి ఒకటే.

పరీక్షలన్నీ నార్మల్ అంటే జబ్బు లేదని అర్థం కాదమ్మా. మనం మామూలుగా చేయించే రక్తపరీక్షల్లో ఇది కనిపించదు. దీని జాడ చూపగల పరీక్ష ఒకటుంది. ముక్కుకు, నోటికి మాస్కు పెట్టి సైకిల్ తొక్కిస్తూ, శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో కొలుస్తారు. అదే పరీక్ష మర్నాడు మళ్లీ చేస్తారు. చాలా అధ్యయనాల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు రెండో రోజు, మొదటి రోజు చేసినంత పని కూడా చేయలేకపోయారు. ఊరికే వ్యాయామం అలవాటు తప్పినవాళ్లలో రెండు రోజుల ఫలితమూ దాదాపు ఒకేలా ఉంటుంది. మీరు ఈ పరీక్ష చేయించుకోవాలని నేను చెప్పను. పరీక్షే మిమ్మల్ని మంచాన పడేయగలదు.

గుండె వేగానికీ దీనికీ సంబంధం ఏమిటంటే, నెమ్మదిగా పని చేస్తున్నంతసేపు కండరాలు ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారు చేసుకుంటాయి. పని జోరు ఒక హద్దు దాటితే అది చాలక, ఆక్సిజన్ అవసరం లేని అత్యవసర పద్ధతి మీద ఎక్కువగా ఆధారపడతాయి. అందరికీ ఆ హద్దు ఉంటుంది, మీకు అది చాలా కిందికి దిగిపోయింది. ఎంతవరకు దిగిందో ఇంట్లో నేరుగా కొలవలేం. గుండె వేగం మాత్రం పనితో పాటే పెరుగుతుంది కాబట్టి దాన్ని ఆనవాలుగా వాడుకుంటున్నాం. ఎండాకాలంలో బోరు వేసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. నీళ్లు తక్కువున్న బోరులో మోటారును ఏకబిగిన నడిపితే కాసేపటికి గాలి కొడుతుంది, మోటారు కాలిపోతుంది. కాసేపు వేసి, ఆపి, ఊట ఊరనిచ్చి మళ్లీ వేస్తే అదే బోరు కొంత మడి తడుపుతుంది.

మీవారికి, అత్తగారికి ఈ మాట చూపించండి. నడక మంచిదన్న వాళ్ల మాట చాలా జబ్బుల్లో నిజమే. షుగర్‌కు, బీపీకి, గుండె ఆపరేషన్ అయినవాళ్లకు మేమే నడవమని రాస్తాం. ఈ జబ్బుకు కూడా ఒకప్పుడు వారానికింత చొప్పున వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని చెప్పేవారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారు చేసే ‘నైస్’ సంస్థ 2021 అక్టోబరులో ఆ సలహాను తీసేసింది. అలాంటి వ్యాయామ చికిత్స ఇవ్వొద్దని, ఉన్న శక్తి హద్దులో పని సర్దుకోవడం నేర్పాలని చెప్పింది. మీ ఆవిడ, మీ కోడలు పని మధ్యలో ఆగి కూర్చుంటే అది బద్ధకం కాదండీ. ఆమెకు ఇప్పుడు చేయగలిగిన వైద్యం అదే. ఆ సమయంలో చీపురు ఇంకొకరు అందుకుంటే అంతకంటే మంచి మందు నేను రాయలేను.

ఇక అంకెల విషయం. ఈ జబ్బు మీద ఏళ్లుగా పనిచేస్తున్న కాలిఫోర్నియాలోని వర్క్‌వెల్ ఫౌండేషన్ ఒక తేలికైన లెక్క చెబుతుంది. వరుసగా ఏడు రోజులు పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే పల్స్ చూసి రాసుకోవాలి. ఆ ఏడింటి సగటుకు 15 కలపాలి. మీ సగటు 74 అనుకుంటే హద్దు 89. ఇంకో పాత లెక్కలో 220లోంచి వయసు తీసేసి, వచ్చిన దానిలో 60 శాతం చూస్తారు. మీకు 178లో 60 శాతం, అంటే దాదాపు 107. బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు 50 శాతమే తీసుకుంటారు, అది మళ్లీ 89. మీరు ఇప్పుడు పడిపోతూ లేస్తూ ఉన్నారు కాబట్టి తక్కువ అంకె దగ్గరే మొదలుపెట్టడం మంచిది. నాలుగైదు వారాలు పడిపోకుండా గడిస్తే రెండు మూడు పెంచి చూడవచ్చు. ఈ రెండూ అంచనాలేనని గుర్తుంచుకోండి. చివరికి మీ హద్దు ఏమిటో మీ శరీరం, మీ నోటు పుస్తకం తేలుస్తాయి.

89 అంటే మీకు ఇంట్లో ఏ పనీ చేయలేనంత తక్కువగా అనిపిస్తుంది. మొదటి వారం నిజంగానే విసుగొస్తుంది. హద్దు దాటిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. దాటితే చేస్తున్న పని అక్కడే ఆపి కూర్చోండి, వీలైతే పడుకోండి. పల్స్ మళ్లీ దిగి, అక్కడే నిలకడగా ఉన్నాక మొదలుపెట్టండి. గడపలో ముగ్గు సగంలో ఉంటే సగంలోనే వదిలేయండి. ‘ఇంకో రెండు నిమిషాలే కదా, పూర్తి చేసేద్దాం’ అన్న చోటే అందరూ దెబ్బతింటారు. ఆ రెండు నిమిషాలకే రెండు రోజులు పోతాయి.

వాచీని గమనిస్తే మీ పనుల్లో ఏది ఎంత ఖరీదో వారంలో తెలిసిపోతుంది. చేతులు పైకెత్తి చేసేవి, వంగి లేచేవి, నిలబడి చేసేవి ఎక్కువ లాగేస్తాయి. దండెం మీద తడి చీర ఆరేయడం, జడ వేసుకోవడం, తలస్నానం, పక్క దులపడం లాంటి పనులను మనం పనులుగా కూడా లెక్క వేయం. వేడినీళ్ల స్నానంలో పల్స్ బాగా పెరుగుతుంది. కాబట్టి గోరువెచ్చని నీళ్లు వాడండి, బాత్రూంలో ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చుని పోసుకోండి. తలస్నానం చేసే రోజు వంట వేరేవాళ్లకు అప్పగించండి. కూరగాయలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తరుక్కోండి. పొయ్యి దగ్గర ఎత్తు స్టూల్ పెట్టుకోండి. తడిగుడ్డ పని మాత్రం పూర్తిగా మానేయమంటాను. మీ అబ్బాయి వాచీ కొనిచ్చాడు, ఆ పని కూడా తీసుకుంటాడని ఆశిస్తున్నాను.

పల్స్ పెరిగినప్పుడే కాదు, పెరగకముందు కూడా విశ్రాంతి కావాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఓపికగా అనిపించినా సరే కాసేపు నడుం వాల్చండి. ఆ సమయంలో ఫోన్, టీవీ వద్దు. బాగున్న రోజు పేరుకుపోయిన పనులన్నీ చేసేయడం ఈ జబ్బులో అందరూ పడే గోతి. బాగున్న రోజున కూడా మామూలు రోజంత పనే చేయండి.

పొద్దున విశ్రాంతి పల్స్ కూడా ఒక సూచన ఇస్తుంది. మీ మామూలు 74 కాకుండా ఒకరోజు 84, 85 కనిపిస్తే ముందు రోజు ఎక్కువ చేసి ఉంటారు, లేదా జ్వరం లాంటిది రాబోతూ ఉండవచ్చు. ఆ రోజు పనులు సగానికి తగ్గించండి. నెలసరికి ముందు రోజుల్లో ఇది కొద్దిగా పెరగడం సహజం. ఎండలు మండే రోజుల్లో, నీళ్లు తక్కువ తాగినప్పుడు కూడా పెరుగుతుంది.

వాచీని ఎంత నమ్మొచ్చు? చేతికి పెట్టుకునేవి చర్మం మీద పచ్చని వెలుగు వేసి, రక్తం కదలికను చూసి లెక్క కడతాయి. కూర్చున్నప్పుడు బాగానే చూపిస్తాయి. చెయ్యి ఆడుతున్నప్పుడు, పట్టీ వదులుగా ఉన్నప్పుడు, ఆ చోట పచ్చబొట్టు ఉన్నప్పుడు తప్పులు వస్తాయి. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారకుండా బిగుతుగా పెట్టుకోండి. అనుమానం వస్తే బొటనవేలు కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి 30 సెకన్లు నాడి లెక్కబెట్టి రెండుతో గుణించండి. ఛాతీకి కట్టుకునే పట్టీలు ఈసీజీ పద్ధతిలో కొలుస్తాయి కాబట్టి ఇంకా కచ్చితం. వెంటనే కొనాల్సిన అవసరం లేదు. ముందు ఉన్నదాన్ని సరిగా వాడి చూడండి.

ఒక సెట్టింగు మాత్రం తప్పక చూడమని మీ అబ్బాయికి చెప్పండి. కొన్ని వాచీల్లో ‘హై హార్ట్ రేట్’ హెచ్చరిక మనం కదలకుండా కూర్చున్నప్పుడే మోగుతుంది, పని చేస్తున్నప్పుడు మోగదు. కొన్నింటిలో 100 కంటే తక్కువ అంకె పెట్టనివ్వదు. అలాంటప్పుడు వర్కౌట్ మోడ్‌లో హార్ట్ రేట్ జోన్ హెచ్చరిక ఉందేమో చూడాలి. కొన్ని చవక వాచీలు పది నిమిషాలకోసారే కొలుస్తాయి, దాన్ని ఎడతెగకుండా కొలిచేలా మార్చాలి. రోజుకు పదివేల అడుగులు, ‘లేచి నిలబడండి’ లాంటి గుర్తుచేతలన్నీ ఆపేయాలి. అవి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం పెట్టినవి. హెచ్చరిక పెట్టుకున్నాక నిమిషానికోసారి వాచీ చూసుకోవడం మానేయండి. చూసిన టెన్షన్‌కే పల్స్ పెరుగుతుంది. చేతి మీద కంపనం వచ్చినప్పుడు ఆగితే చాలు.

వాచీకి కనిపించని శ్రమ కూడా ఉంది. పేపర్లు దిద్దడం, ఫోన్లో గంటసేపు మాట్లాడటం, పెళ్లింట్లో జనం మధ్య కూర్చోవడం, ఇంట్లో ఒక మాట పట్టింపు. వీటిలో పల్స్ 80 దాటకపోవచ్చు, అయినా ఎల్లుండి మంచాన పడతారు. అందుకే రోజూ రాత్రి రెండు ముక్కలు రాసుకోండి: ఏం చేశాను, ఎలా ఉన్నాను. అంకె హద్దులోనే ఉన్నా ఒళ్లు బరువెక్కడం, మాటలు తడబడటం మొదలైతే అంకెను పక్కనపెట్టి శరీరం మాట వినండి.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినది 130 కాదు, వంట దగ్గర ఊరికే నిలబడితే వచ్చే 110. పడుకున్నప్పుడు 74, నిలబడితే 110 అంటే తేడా 36. కొందరికి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగిపోయి, గుండె ఎక్కువగా కొట్టుకోవాల్సి వస్తుంది. పెద్దవాళ్లలో నిలబడిన పది నిమిషాల్లో బీపీ పెద్దగా పడిపోకుండానే పల్స్ 30 లేదా అంతకు మించి పెరిగి అలాగే ఉంటే, వేరే కారణం లేనప్పుడు, ‘పాట్స్’ అంటాం. ఈ జబ్బుతో పాటు ఇది తరచూ కనిపిస్తుంది, దీనికి మందులున్నాయి. మీ ఫిజీషియన్ దగ్గర కాసేపు పడుకోబెట్టి, తర్వాత గోడకు ఆనుకుని పది నిమిషాలు నిలబెట్టి, నిమిషానికోసారి పల్స్, బీపీ చూడమని అడగండి. యంత్రాలేమీ అక్కర్లేని పరీక్ష ఇది. ఇంట్లో ఒంటరిగా మాత్రం చేయకండి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. పాట్స్ అని తేలితే నీళ్లు, ఉప్పు పెంచమంటారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు ఇస్తారు. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు పెంచకూడదు కాబట్టి డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టండి.

అప్పుడే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12 మళ్లీ చూపించండి. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైనా, రక్తం తక్కువైనా పల్స్ పెరుగుతుంది. ఈసీజీ, ఎకో ఇంతకుముందు తీయకపోతే ఒకసారి తీయించండి. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్, ఐవాబ్రడిన్ లాంటి మందులు వాడేవాళ్లకు పల్స్ మందు వల్లే తక్కువగా ఉంటుంది, పైన చెప్పిన లెక్కలు వర్తించవు. వాచీ అంకె చూసి మందు మానేయడం, తగ్గించడం అసలు చేయకండి. గుండె జబ్బు, ఆయాసం జబ్బు ఉన్నవాళ్లు కూడా ఇది చదివి నడక ఆపొద్దు. మీ డాక్టర్ చెప్పిందే మీకు సరైనది.

ఛాతీలో నొప్పి లేదా బరువు, స్పృహ తప్పడం, కూర్చున్నా ఆయాసం, విశ్రాంతిగా ఉన్నా పల్స్ 120 పైన అలాగే ఉండిపోవడం, నాడి గతి తప్పి కొట్టుకోవడం.. వీటిలో ఏది కనిపించినా అలసట జబ్బే కదా అని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

బడి సంగతి. ఇంటి పనులతో కనీసం నెల రోజులు పడిపోకుండా గడపగలిగాక ప్రయత్నించండి, అంతకుముందు వద్దు. మొదట ఒక గంట వెళ్లి రండి. ఆ తర్వాత రెండు రోజులు ఆగి, ఏమీ కాలేదని తేలాకే మళ్లీ వెళ్లండి. బస్సులో నిలబడి వెళ్లాల్సి వస్తే ఆ ప్రయాణాన్ని కూడా పనిలోనే లెక్కవేయాలి. పూర్తి రోజు పని ఎప్పటికి సాధ్యమవుతుందో ఇప్పుడే చెప్పలేం. కొందరు చాలావరకు కోలుకుంటారు, కొందరు తగ్గించుకున్న పనితోనే కొనసాగుతారు. మీకు జబ్బు నిర్ధారించిన న్యూరాలజిస్టు దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో ‘విశ్రాంతి అవసరం’ అని ఊరికే రాయించుకోకుండా మీకు కావాల్సినవి విడివిడిగా రాయమనండి: కింది అంతస్తులో తరగతి, కూర్చుని పాఠం చెప్పే వీలు, వరుస పీరియడ్లు లేకపోవడం, మధ్యాహ్నం అరగంట పడుకునే చోటు. హెడ్మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ కాగితం, మీ నోటు పుస్తకం రెండూ పట్టుకెళ్లండి.