కొత్తవాడి చేతిలో పాత ఆట

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన వ్యాసం చదివాను. పది వీడియో గేముల పేర్లు వరుసగా పెట్టి, ఒక్కొక్కదానికి నాలుగేసి వాక్యాలు కేటాయించి, ఇవి ఎప్పటికీ నిలుస్తాయని తేల్చేయడం ఈ మధ్య చాలామంది చేస్తున్న పనే కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోకుండానే మొదలుపెట్టాను. అయితే ప్రాజెక్ట్ ఐజీఐలో స్థావరం వెలుపల గుట్ట మీద ఆగి, బైనాక్యులర్స్‌లో కాపలావాళ్ళ రాకపోకలను గమనించే ఆ నిమిషాన్ని నువ్వు వర్ణించిన తీరు చూశాక నీకు రాయడం వచ్చునని అర్థమైంది. రాయడం రానివాళ్ళకు నేను రెండు వాక్యాల్లో జవాబిచ్చి ఊరుకుంటాను. నీకు మాత్రం పొడుగు ఉత్తరం రాయక తప్పడం లేదు.

నా అభ్యంతరం ఒక్కటే. ఈ గేములు క్లాసిక్కులు ఎందుకయ్యాయమ్మా అని అడిగితే, సగానికి పైగా చోట్ల నువ్వు బ్రాడీపేటలోని మీ ఇంటి గురించి చెప్పావు. వేసవి సెలవులు, ఏ క్షణాన కరెంటు పోతుందోనన్న బెంగ, అన్నయ్య లేచేదాకా కీబోర్డు దక్కకపోవడం, ఇవన్నీ చదవడానికి హాయిగా ఉన్నాయి. కానీ ఇవి ఆ ఆటల గుణాలు కావు. ఆ వేసవిలో మీ అన్నయ్య మరో సీడీ తెచ్చి ఉంటే దాని గురించి కూడా నువ్వు ఇంతే ప్రేమగా రాసేదానివి. జ్ఞాపకం ఉన్న మనుషులు ఉన్నంతవరకే జ్ఞాపకం పనిచేస్తుంది. ఆ తరువాత ఆట తన కాళ్ళ మీద తాను నిలబడాలి. ఆ జ్ఞాపకమేదీ లేనివాడి చేతిలో పెడితే ఈ ఆట పట్టుకుంటుందా, ఏళ్ళ తరబడి ఆడినవాడికి ఇంకా ఏమైనా మిగిలి ఉందా అన్న రెండు ప్రశ్నలకు నీ వ్యాసంలో జవాబు దొరకాలి. ఇప్పుడు దొరకడం లేదు.

నీ జాబితాలో లేని గేముతో మొదలుపెడతాను. ప్రిన్స్ ఆఫ్ పర్షియాను జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్ యువకుడు చాలావరకు ఒంటిచేత్తో తయారుచేశాడు. అది 1989లో యాపిల్ 2 కంప్యూటరు మీద వచ్చింది. తరువాత అప్పటి పీసీలను నడిపించిన డాస్ మీదికి ఎక్కి, ఫ్లాపీల్లో చేతులు మారి, బెజవాడ కంప్యూటర్ సెంటర్లలోకి కూడా చేరింది. డీబేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటామని ఫీజు కట్టి, సారు టీ తాగడానికి వెళ్ళగానే రాకుమారుణ్ణి పరుగెత్తించిన తరం మాది. చూశావా, నేను కూడా జ్ఞాపకంలోకి జారుతున్నాను. అంత తేలిక ఆ పని.

కిందటి వేసవిలో మా అక్క మనవడు సత్యనారాయణపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ గేమును ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఒక్క మాటా చెప్పకుండా పక్కన కూర్చున్నాను. పొద్దస్తమానం ఫోనులో బీజీఎంఐ, అంటే పబ్‌జీకి మన దేశపు రూపం, ఆడే పిల్లవాడు కాబట్టి ఆ బొమ్మలు చూసి ముందు నవ్వాడు. ఆ నవ్వు మొదటి గోతి దాకానే నిలిచింది. అంచుకు రాగానే మీట వదిలాడు గాని, పరుగు మీదున్న రాకుమారుడు మీట వదలగానే బొమ్మలా ఆగిపోడు. పరిగెత్తే మనిషి నిలదొక్కుకోవడానికి ఎంత దూరం పడుతుందో అంత దూరం జారి ఆగుతాడు. పడిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఇంకాస్త ముందుగా వదిలాడు. కాసేపటికి షిఫ్ట్ కీ నొక్కిపెడితే ఒక్కొక్క అడుగే ఆచితూచి వేయవచ్చని తనంతట తానే కనిపెట్టి, గోతి అంచు దాకా వెళ్ళి, ఊపిరి బిగబట్టి దూకాడు. దూకేటప్పుడు వాడి భుజాలు కూడా ముందుకు వంగాయి. ఆ కదలికకు అంత బరువు ఎలా వచ్చిందంటే, మెక్నర్ తన తమ్ముడి చేత పరుగులు పెట్టించి, గెంతించి, వీడియో తీసి, ఆ భంగిమలను ఒక్కొక్కటిగా చూసి బొమ్మలు గీశాడు. రంగులు వెలిసిపోయాయి, తెర చిన్నదైపోయింది. ఆ శరీరం మాత్రం ఇప్పటికీ శరీరంలాగే ఉంది. దాని జన్మకాలం గురించి ఏమీ తెలియని పిల్లవాడి భుజాలకు అది తెలిసింది. నువ్వు రాయవలసింది ఇలాంటివి.

అదే గేములో మరొకటి ఉంది. తయారీ చివరికొచ్చేసరికి మెమొరీ నిండిపోయి, కొత్త ప్రత్యర్థికి బొమ్మలు పెట్టే చోటు లేకపోయింది. అప్పటికే ఉన్న రాకుమారుడి బొమ్మలనే చిన్న గణిత కిటుకుతో తారుమారు చేసి, అతని నీడను ప్రత్యర్థిగా నిలబెట్టారు. నాలుగో అంచెలో దారికి అడ్డంగా నిలువుటద్దం ఉంటుంది. పరుగున వచ్చి అందులోంచి దూకితే, అవతలి వైపు నుంచి ఆ నీడ బయటపడి పారిపోతుంది. ఆ తరువాత నువ్వు తాగబోయిన మందును అది తాగేస్తుంది, నువ్వు దాటబోయిన తలుపును అది మూసేస్తుంది. చివరి అంచెలో కత్తి పట్టుకుని ఎదురుగా నిలుస్తుంది. దాన్ని పొడిస్తే నీ ప్రాణమే తగ్గుతుంది, చంపితే నువ్వే చస్తావు. అక్కడిదాకా కనిపించిన ప్రతి కాపలావాణ్ణీ నరుక్కుంటూ వచ్చిన ఆటగాడు ఆ ఒక్క చోట కత్తిని ఒరలో పెట్టి, నీడకు ఎదురు నడిచి, దానితో కలిసిపోవాలి. ఈ సంగతి చెప్పే అక్షరం ఒక్కటి కూడా తెర మీద కనిపించదు. దీన్ని ‘కథ అద్భుతం’ అని రాస్తే పాఠకుడికి ఏమీ చేరదు. ఆటగాడి వేలు ఏ మీట మీద ఉందో, ఎందుకు తటపటాయించిందో రాస్తే అన్నీ చేరతాయి.

రెండో ప్రశ్నకు, అంటే తెలిసినవాడి చేతిలో అయిపోకపోవడానికి, టెట్రిస్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. నువ్వు దానికి ‘సింపుల్ అండ్ అడిక్టివ్’ అని ఒక ముక్క రాసి వదిలేశావు, అది అన్యాయం. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్సెస్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దాన్ని ఎలెక్ట్రోనికా 60 అనే యంత్రం మీద రాశాడు. ఆ యంత్రానికి బొమ్మలు వేయడమే రాదు. అందుకని కుండలీకరణ చిహ్నాలను పక్కపక్కన పేర్చి గళ్ళుగా చూపించాడు. నాలుగేసి గళ్ళతో కుదిరే ఏడు ముక్కలు, పది గళ్ళ వెడల్పు, ఇరవై గళ్ళ ఎత్తు, వరుస నిండితే మాయమవడం, ఇంతే ఆట. మన పాత గుళ్ళ మండపాల్లో నేలరాళ్ళ మీద చెక్కిన పులి మేక గీతలు చూసే ఉంటావు: మూడు పులులు, పదిహేను మేకలు, రెండు నిమిషాల్లో చెప్పేయగల నియమాలు, తరాలు గడిచినా ఎటు జరపాలో తేలని ఎత్తులు. టెట్రిస్ ఆ జాతి ఆట. అందంగా కనబడడానికి దాని దగ్గర మొదటి నుంచీ ఏమీ లేదు కాబట్టి పాతబడడానికి కూడా ఏమీ లేకపోయింది.

1989లో నింటెండో వారు తమ ఎన్ఈఎస్ యంత్రం మీద తెచ్చిన టెట్రిస్ కథ విను. అందులో 29వ లెవెల్‌కు చేరేసరికి ముక్క సెకనులో మూడో వంతులో పైనుంచి అడుగుకు పడిపోతుంది. పక్క బాణాన్ని నొక్కిపెడితే, ముక్క గోడ దాకా చేరేలోపే కింద పడి ఉంటుంది. ఆట అక్కడితో సరి అని చాలా ఏళ్ళు అందరూ నమ్మారు. తరువాత కొందరు బొటనవేలిని వణికించినట్టుగా మీటను టకటకలాడించడం సాధన చేసి ఆ గోడ దాటారు. ఆ పైన మరికొందరు మీట మీద వేలిని ఊరికే ఆనించి, రెండో చేతి వేళ్ళను కంట్రోలర్ వీపు మీద తబలా వాయించినట్టు ఒకదాని వెంట ఒకటి తాటించి, కంట్రోలరే కదిలి మీట వేలికి తగిలేలా చేశారు. 2023 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ళ కుర్రవాడు 157వ లెవెల్ దాకా వెళితే, లెక్కలు అందక ఆ ప్రోగ్రామే బిగుసుకుపోయింది. గేము వచ్చిన 34 ఏళ్ళకు, అది వచ్చిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన పిల్లవాడు దాన్ని చివరి దాకా తీసుకెళ్ళాడు. అమ్మకాల అంకెలు ఎన్ని ఇచ్చినా ఇంత మాట చెప్పలేవు.

మారియో గురించి లోకమంతా రాసింది కాబట్టి నువ్వు క్లుప్తంగా ముగించు. టీవీకి తగిలించే క్యాసెట్ గేముల్లో మనమందరం ఆడిన ఆ 1985 నాటి ఆటలో మొదటి కొన్ని క్షణాలు చాలు: ఎదురుగా పుట్టగొడుగులాంటి ఒక జీవి నడిచి వస్తుంది, ఏం చేయాలో ఎవరూ చెప్పరు, దూకడం తప్ప దారి లేదు. పాఠం అయిపోయింది.

ఇక నెట్ సెంటర్ల సంగతి. రెండు జట్లు తుపాకులతో తలపడే కౌంటర్ స్ట్రైక్‌ను జాబితాలో పెట్టి, స్నేహితులతో ఆడితే మజా అన్నావు. ఆ మజా ఎక్కడిదో చూడు. అది ఒక కంపెనీ తలపెట్టిన గేమే కాదు. మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు ఔత్సాహికులు 1999లో హాఫ్ లైఫ్ గేముకు తగిలించిన మార్పు అది. మరుసటి ఏడు దాన్ని వాల్వ్ సంస్థ తనలో కలుపుకుంది. అంతకుముందు 1993లో డూమ్ అనే తుపాకీ గేము తీసుకొచ్చిన ఐడీ సాఫ్ట్‌వేర్ వారు ఆటగాళ్ళు సొంత లెవెళ్ళు కట్టుకోవడానికి వీలిచ్చి, 1997లో దాని సోర్స్ కోడ్‌నే బయట పెట్టేశారు. ఈనాటికీ జనం దానికి కొత్త లెవెళ్ళు కడుతూనే ఉన్నారు. బెజవాడలో ఇంటర్ కాలేజీల చుట్టుపక్కల నెట్ సెంటర్లలో, ‘లాంగ్‌లో ఉన్నాడ్రా, బయటికి రాకు’ అన్న కేకల మధ్య కౌంటర్ స్ట్రైక్‌లోని డస్ట్ 2 మ్యాపు (లాంగ్ అంటే అందులో ఒక పొడుగాటి దారి) ఆడిన పిల్లలకు ఆ గోడలూ ఆ తలుపులూ కొట్టినపిండే; మారేది తలుపు వెనక నిలబడే మనిషి మాత్రమే. తలుపు ఎప్పుడూ అదే కావడం వల్లనే, ఈసారి వీడు ఎటు నుంచి వస్తాడన్న ఊహకు అంత విలువ వచ్చింది. తయారుచేసినవాడు తాళంచెవి ఆటగాళ్ళ చేతికి ఇచ్చిన గేములకు ఆయుష్షు ఎక్కువ అన్నది నా అభిప్రాయం. దీనితో నువ్వు ఏకీభవించకపోతే ఉదాహరణలతో కాదను, సంతోషిస్తాను.

గ్రాఫిక్స్ బాగున్నాయని ఎక్కడా రాయవద్దు. ఎంతమంది ఆడారన్నదాన్ని కూడా తీర్పుగా వాడవద్దు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న ఆటల మ్యూజియం 2015 నుంచి వీడియో గేములకు శాశ్వత గౌరవం ఇస్తోంది. మొదటి ఏడు ఎంచిన ఆరింటిలో టెట్రిస్, డూమ్, మారియో ఉన్నాయి. ఆ గేమును జనం ఎంతగా గుర్తుపడతారు, ఎంతకాలం నిలిచింది, ఎన్ని దేశాలకు పాకింది, తరువాతి వాటిని ఎంత మలిచింది అన్నవే వారు చూసేవి. అమ్మకం లెక్క అందులో లేదు. ఒకప్పుడు ఇంటింటా పంటలు పండించిన ఫార్మ్‌విల్ 2020 డిసెంబరు 31తో మూతపడింది. అదే ఏడు సెప్టెంబరులో మన ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. తరువాత బీజీఎంఐ వచ్చిందంటే అది వేరే సంగతి. సర్వరు ఒకరి గుప్పిట్లో ఉన్న ఆట నిలుస్తుందా లేదా అన్నది ఆట చేతిలో లేదు. సర్వరు లేని పాత గేముల పరిస్థితీ గొప్పగా లేదు: అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు బజారులో కొనడానికే దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. క్లాసిక్ అని నువ్వు పేరు పెట్టిన ప్రతి గేమూ ఇవాళ పాఠకుడికి ఎక్కడ, ఏ రూపంలో దొరుకుతుందో ఒక్క వాక్యం చేర్చు. దొరకకపోతే ఆ మాటే చెప్పు.

ఇప్పుడు నీ వ్యాసానికి వద్దాం. పదింటిని మూడో నాలుగో చెయ్యి. ఒక ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చే వైస్ సిటీ గేము కింద ఇచ్చిన చీట్ కోడ్ల పట్టిక తీసెయ్. ప్యాంజర్ అని టైపు చేస్తే యుద్ధ ట్యాంకు దిగుతుందని తెలియని పిల్లవాడు మన జిల్లాల్లో ఉండి ఉండడు. దాని బదులు బొమ్మ హెలికాప్టర్ మిషన్ గురించి రాయి. ఆ మిషన్ గట్టెక్కలేక కథను అక్కడే వదిలేసినవాళ్ళు కూడా నెలల తరబడి ఆ ఊళ్ళో రేడియో పెట్టుకుని బైకు మీద తిరిగారు కదా. కథ ఆగిపోయినా ఊరు ఎందుకు ఆగలేదన్నదే అసలు ప్రశ్న. ప్రాజెక్ట్ ఐజీఐ దగ్గర నీ అభిమానాన్ని కాస్త కట్టడి చెయ్యి. మిషన్ మధ్యలో సేవ్ చేసుకోవడం లేకపోవడం ఆ ఆటకు ఉత్కంఠ ఇచ్చింది, నిజమే. అరగంట ఆడినదంతా ఒక్క గుండుకు పోతే ఈనాటి కొత్త ఆటగాడు మళ్ళీ మొదలుపెడతాడా, లేక లేచి వెళ్ళిపోతాడా అన్నది ఎవరి చేతికైనా ఇచ్చి చూసి రాయి. వాళ్ళు ఆడుతున్నప్పుడు నువ్వు పక్క నుంచి సలహాలు ఇవ్వకూడదు. నా లెక్కలో అది మనవాళ్ళకు ప్రియమైన గేమే గాని క్లాసిక్ కాదు. నీ పరీక్షలో వేరేగా తేలితే నీ మాటే రాయి.

రెండో ప్రతి పంపేటప్పుడు ఏ గేమును ఏ యంత్రం మీద, ఏ రూపంలో ఆడావో తప్పకుండా పేర్కొను. ప్రిన్స్ ఆఫ్ పర్షియా చేర్చదలిస్తే డాస్ మీదిదే ఆడు. సూపర్ నింటెండో మీద వచ్చిన దానిలో లెవెళ్ళు 12కు బదులు 20, గడువు గంటకు బదులు రెండు గంటలు. ఆ రెండింటినీ కలిపేసి రాస్తే తెలిసినవాళ్ళు మొదటి పేరాలోనే పట్టేస్తారు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి